బాలింత కన్నీరు విశ్వాస లోపం కాదు

బిడ్డ పుట్టిన ఇంట సందడికి కొదవ ఉండదు. శిశువు చెవిలో అజాన్ పలుకుతారు. పెద్దలొకరు ఖర్జూరం నమిలి పసిబిడ్డ అంగిటికి రాస్తారు. ఏడవ నాడు అఖీఖా చేసి, తల వెంట్రుకలు తీయించి, పేరు పెట్టి, బంధువులకు భోజనం పెడతారు. చూడవచ్చిన వారు బిడ్డది ఎవరి పోలిక అని అడుగుతారు. పాలు సరిగా తాగుతున్నాడా, రాత్రి నిద్రపోతున్నాడా అని అడుగుతారు. తలకు, చెవులకు గుడ్డ చుట్టుకొని మూలగదిలో మంచం మీద కూర్చున్న బాలింతను మాత్రం "నీ మనసు ఎలా ఉందమ్మా?" అని అడిగేవారు అరుదు.

నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల ముస్లిం కుటుంబాలు కాన్పు తరువాతి 40 రోజులను చిల్లాగా పాటిస్తాయి. తొలి కాన్పు సాధారణంగా పుట్టింట జరుగుతుంది. ఈ రోజులలోనే కొందరు బాలింతలు కారణం చెప్పలేకుండా ఏడుస్తుంటారు. ముద్ద నోటికి పోదు. బిడ్డ నిద్రపోయినా తమకు నిద్ర రాదు. బిడ్డను ఎత్తుకోవాలని అనిపించదు. లేదా బిడ్డకు ఏదో అయిపోతుందన్న భయంతో రెప్ప వేయరు. "నేను మంచి తల్లిని కాను" అని తమను తామే నిందించుకుంటారు. ఇంట్లో ఒకరు గాలి సోకిందంటారు, మరొకరు నజర్ తగిలిందంటారు. "మేము ఆరుగురిని కని పెంచలేదా? మాకు లేని బాధ నీకేమొచ్చింది?" అని పెద్దావిడ విసుక్కుంటుంది. వీటన్నిటికన్నా లోతుగా తగిలే మాట ఇంకొకటి ఉంది: "అల్లాహ్ పండంటి బిడ్డనిస్తే ఏడుస్తున్నావు, ఇది నాషుక్రీ కాదా?"

మదర్సాలలో బోధించే మావంటి వారి వద్దకు తావీజు కోసం, దమ్ చేసిన నీళ్ల కోసం వచ్చేవారిలో ఇటువంటి బాలింతల తల్లులు, అత్తలు, భర్తలు కూడా ఉంటారు. దుఆ కోరి రావడం తప్పు కాదు. అయితే ఆ బాలింతకు దుఆతో పాటు వైద్యం కూడా అవసరమని, ఆమె కన్నీరు కృతఘ్నత కాదని వారికి స్పష్టంగా చెప్పవలసిన బాధ్యత ధర్మవిద్య నేర్చిన వారిపై ఉంది. ఈ వ్యాసం ఉద్దేశం అదే.

మూడు వేర్వేరు స్థితులు

కాన్పు తరువాత స్త్రీ మనసులో కలిగే మార్పులను వైద్యులు మూడు రకాలుగా చెబుతారు. ఈ భేదం ప్రతి ఇంటివారికీ తెలిసి ఉండాలి.

మొదటిది తాత్కాలికమైన దిగులు. కాన్పయిన రెండు మూడు రోజులకు మొదలవుతుంది. ఊరికే కన్నీరు రావడం, చిరాకు, ఆందోళన దీని లక్షణాలు. సగానికి పైగా బాలింతలలో ఇది కనిపిస్తుంది. గర్భధారణ కాలంలో ఎక్కువగా ఉన్న హార్మోన్లు కాన్పయిన వెంటనే ఒక్కసారిగా పడిపోవడం, నిద్ర లేమి, ఒంటి నొప్పులు దీనికి దోహదం చేస్తాయి. విశ్రాంతి, ఆదరణ లభిస్తే రెండు వారాలలోపు దానంతటదే తగ్గిపోతుంది.

రెండవది ప్రసవానంతర కుంగుబాటు, అంటే డిప్రెషన్. ఇందులో దిగులు రెండు వారాలు దాటినా తగ్గదు. ఏ పనిలోనూ ఆసక్తి ఉండదు. ఆకలి, నిద్ర చెడిపోతాయి. తాను ఎందుకూ పనికిరాననే భావన, అపరాధ భావం వెంటాడుతాయి. చనిపోతే బాగుండునన్న తలంపు కూడా రావచ్చు. ఇది చిల్లా రోజులలోనే రావాలని లేదు. గర్భవతిగా ఉన్నప్పుడే మొదలు కావచ్చు, కాన్పయిన ఏడాదిలోపు ఎప్పుడైనా రావచ్చు. ఇది చికిత్స అవసరమైన వ్యాధి.

మూడవది అరుదైనది, అత్యంత ప్రమాదకరమైనది. వెయ్యి కాన్పులలో ఒకరిద్దరికి మతి చలిస్తుంది. చాలావరకు మొదటి రెండు వారాలలోనే కనిపిస్తుంది. రోజుల తరబడి నిద్ర ఉండదు. పొంతన లేని మాటలు మాట్లాడుతుంది. లేని గొంతులు వినిపిస్తున్నాయంటుంది. ఇంటివారిని అనుమానిస్తుంది. తనకో, బిడ్డకో హాని చేసుకునే ప్రమాదం ఉంటుంది. మన ప్రాంతంలో "ఆసేబ్" అని ఎక్కువగా పొరబడేది దీనినే. గుండె నొప్పి వచ్చిన మనిషిని ఎంత త్వరగా ఆసుపత్రికి చేరుస్తామో, ఈమెను కూడా అంత త్వరగా చేర్చాలి.

ఎందరికి, ఎందుకు?

భారతదేశంలో జరిగిన 38 అధ్యయనాలను, అంటే 20 వేలకు పైగా తల్లుల వివరాలను క్రోడీకరించి ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రిక 2017లో ఒక విశ్లేషణ ప్రచురించింది. దాని ప్రకారం మన దేశంలో ప్రతి 100 మంది బాలింతలలో 22 మంది ఈ కుంగుబాటుకు గురవుతున్నారు. అంటే దాదాపు ప్రతి ఐదుగురిలో ఒకరు. ఒక మొహల్లాలో ఏడాదికి 20 కాన్పులు జరిగితే, నలుగురు తల్లులు మౌనంగా ఈ బాధ పడుతున్నారన్న మాట.

ఆ విశ్లేషణ పేర్కొన్న కారణాలను గమనించండి: ఆర్థిక ఇబ్బందులు, ఇంట్లో హింస, భార్యాభర్తల కలహాలు, భర్త తోడ్పాటు లేకపోవడం, గతంలో మానసిక వ్యాధి ఉండటం, ఆడపిల్ల పుట్టడం. వీటిలో అధిక భాగం బాలింత శరీరంలో పుట్టినవి కావు, ఆమె చుట్టూ ఉన్న మనుషుల నుండి వచ్చినవి.

మన ప్రాంతపు పరిస్థితులను వీటికి జోడించి చూడాలి. పాలమూరు నుండి ముంబై, పుణె నగరాలకు పని కోసం వలస వెళ్లడం తరాలుగా సాగుతున్నదే. భార్య కాన్పు సమయంలో భర్త వందల మైళ్ల దూరంలో ఉంటాడు. తెలంగాణలో 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుండి 49 ఏళ్ల స్త్రీలలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది. రాష్ట్రంలోని కాన్పులలో 60.7 శాతం సిజేరియన్ ఆపరేషన్లే. ఇది దేశంలోనే అత్యధికం. రక్తం తక్కువగా ఉన్న శరీరం, కుట్ల నొప్పి, రాత్రంతా బిడ్డ ఏడుపు, దగ్గర లేని భర్త, "మళ్లీ ఆడపిల్లేనా?" అన్న మాట. ఇన్నీ ఒకే స్త్రీ మీద పడితే ఆమె కుంగిపోవడంలో ఆశ్చర్యమేముంది?

ఆడపిల్ల పుట్టిందన్న వార్తకు ముఖం నల్లబడే వారి తీరును దివ్యఖుర్ఆన్ అన్నహ్ల్ సూరా 58, 59 ఆయతులలో తీవ్రంగా గర్హించింది. సంతానాన్ని ప్రసాదించడం గురించి చెబుతూ అష్షూరా సూరా 49వ ఆయతు కుమార్తెలను ముందు ప్రస్తావించింది. ఈ సంగతి తెలిసి కూడా బాలింత ముందు ముఖం మాడ్చుకునే కుటుంబం ధర్మాన్ని అతిక్రమిస్తోంది, ఒక తల్లిని వ్యాధి వైపు నెడుతోంది.

దివ్యఖుర్ఆన్‌లో ఇద్దరు తల్లులు

"నిజమైన విశ్వాసి ఎన్నడూ దిగులు పడదు" అనేవారు మర్యమ్ సూరా 23 నుండి 26 వరకు ఉన్న ఆయతులను శ్రద్ధగా చదవాలి. లోకంలోని స్త్రీలలో అల్లాహ్ ఎన్నుకున్న మహనీయురాలు హజ్రత్ మర్యమ్ (అలై). పురిటి నొప్పులు ఆమెను ఒక ఖర్జూరపు చెట్టు మొదలు దగ్గరకు చేర్చాయి. ఒంటరితనం, నొప్పి, లోకనింద భయం ముప్పిరిగొన్నాయి. ఇంతకు ముందే తాను మరణించి, అందరి స్మృతి నుండి చెరిగిపోయి ఉంటే బాగుండేదని ఆ పుణ్యమూర్తి అనుకున్నారు. ఈ మాటను ఖుర్ఆన్ దాచలేదు, తప్పు పట్టలేదు.

ఆమెకు అందిన సమాధానం ఏమిటి? ఇంత దిగులెందుకన్న మందలింపు కాదు, కృతఘ్నురాలివన్న నింద అసలే కాదు. దుఃఖించవద్దన్న ఓదార్పు మొదట అందింది. కాళ్ల దగ్గరే నీటి ఊట ఉందని తెలిపారు. చెట్టు మొదలు కదిలిస్తే తాజా పండ్లు రాలుతాయన్నారు. తిని, తాగి, కళ్లు చల్లబరచుకోమన్నారు. ఎవరైనా ఎదురైతే ఈ రోజు మాట్లాడనని మౌనవ్రతం పూనానని సూచించమన్నారు. ఓదార్పు, నీరు, ఆహారం, విశ్రాంతి, జనుల ప్రశ్నల నుండి రక్షణ. బాలింతకు కావలసినవన్నీ ఆ వరుసలో ఉన్నాయి.

హజ్రత్ మర్యమ్ (అలై)ది వ్యాధి అని మనం అనడం లేదు. అలా అనే అధికారం మనకు లేదు. అల్లాహ్‌కు ప్రియమైన స్త్రీకి కూడా కాన్పు వేళ మరణాన్ని కోరుకునేంతటి వ్యథ కలగవచ్చునని, ఆ వ్యథకు అల్లాహ్ కరుణతో బదులిచ్చాడని మాత్రమే ఈ ఆయతుల నుండి గ్రహిస్తున్నాం. అల్లాహ్ నిందించని వ్యథను నిందించడానికి మనమెవరం?

మరొక తల్లి హజ్రత్ మూసా (అలై)ను కన్న తల్లి. పసిబిడ్డను నదిలో వదిలిన ఉదయం ఆమె హృదయం శూన్యమైపోయిందని అల్‌ఖసస్ సూరా 10వ ఆయతు చెబుతుంది. అల్లాహ్ ఆమె గుండెకు బలమిచ్చాడు. ఆ తరువాత 13వ ఆయతులో, ఆమె కళ్లు చల్లబడాలని, ఆమె దుఃఖించరాదని బిడ్డను తిరిగి ఆమె చెంతకు చేర్చినట్లు తెలిపాడు. ఒక తల్లి దుఃఖం తీరడం అల్లాహ్ దృష్టిలో ఎంత విలువైనదో దీనిని బట్టి తెలుస్తుంది.

నిఫాస్ దినాలు: అల్లాహ్ ఇచ్చిన సెలవు

కాన్పు తరువాతి రక్తస్రావ కాలాన్ని ధర్మశాస్త్రం నిఫాస్ అంటుంది. హనఫీ ఫిఖ్హ్ ప్రకారం దీని గరిష్ఠ పరిమితి 40 రోజులు, కనిష్ఠ పరిమితి లేదు. ఈ కాలంలో నమాజు పూర్తిగా మినహాయించబడింది; తరువాత తీర్చవలసిన అవసరమూ లేదు. రమజాన్ ఉపవాసాలు మాత్రం తరువాత పూర్తి చేయాలి. స్రావం 40 రోజులకు ముందే ఆగిపోతే గుస్ల్ చేసి నమాజు ప్రారంభించాలి. చిల్లా నిండేవరకు ఆగాలన్నది ఆచారమే తప్ప ధర్మాదేశం కాదు.

కుంగుబాటులో ఉన్న కొందరు స్త్రీలు నమాజు లేని ఈ రోజులలో తాము అల్లాహ్‌కు దూరమయ్యామని బాధపడతారు. ఈ మినహాయింపు ఆయన ఇచ్చిన సెలవు. ఆ సెలవును వినియోగించుకోవడం కూడా విధేయతే. ఈ రోజులలో దుఆ, జిక్ర్, దరూద్ చేసుకోవచ్చు, ఖుర్ఆన్ పారాయణం వినవచ్చు. బాలింత ముట్టిన వస్తువులు అశుద్ధమవుతాయని ఆమెను వేరుగా కూర్చోబెట్టడం ఇస్లామ్ నేర్పలేదు. హజ్రత్ ఆయిషా (రజి) బహిష్టు దినాలలో ఉన్నప్పుడు దైవప్రవక్త (స) ఆమె ఒడిలో తల ఆనించి ఖుర్ఆన్ పఠించేవారని సహీహ్ బుఖారీలో ఉంది.

పాలు చాలకపోవడం కూడా బాలింతను కుంగదీస్తుంది. తల్లిపాలు శ్రేష్ఠమైనవే. అయినా అల్‌బఖరా సూరా 233వ ఆయతు పాలిచ్చే తల్లి పోషణ భారాన్ని తండ్రిపై ఉంచింది. బిడ్డ కారణంగా తల్లికి బాధ కలిగించరాదని ఆదేశించింది. వేరొకరి చేత పాలు ఇప్పించడాన్ని కూడా అనుమతించింది. దైవప్రవక్త (స) స్వయంగా హలీమా సాదియా (రజి) పాలు తాగి పెరిగారు. కాబట్టి పాలు రాని తల్లిని దెప్పిపొడవడం ఈ ఆయతు స్ఫూర్తికి విరుద్ధం.

దుఆతో పాటు దవా

అల్లాహ్ స్వస్థత లేని వ్యాధిని దింపలేదని దైవప్రవక్త (స) తెలిపినట్లు బుఖారీలో ఉంది. వైద్యం చేయించుకోవచ్చా అని అడిగిన పల్లెవాసులకు చేయించుకోమనే ఆయన చెప్పారని అబూ దావూద్, తిర్మిజీ ఉల్లేఖించారు. ఈ ఉపదేశం జ్వరానికి, ఎముక విరిగినప్పటికి మాత్రమే పరిమితం కాదు.

మనసుకు వచ్చే వ్యాధిని మన పూర్వ విద్వాంసులు గుర్తించారు. క్రీ.శ. 934లో మరణించిన అబూ జైద్ అల్ బల్ఖీ శరీరం, మనసు రెండింటి ఆరోగ్యం గురించి గ్రంథం రాశారు. కారణం తెలిసిన దుఃఖం వేరని, కారణం తెలియకుండా శరీరంలోని మార్పుల వల్ల కలిగే దుఃఖం వేరని విభజించారు. రెండవ దానికి శరీర చికిత్స కూడా అవసరమన్నారు. నేటి వైద్యులు చెబుతున్నదీ ఇదే దారిలో ఉంది.

హజ్రత్ ఆయిషా (రజి) రోగులకు, ఆప్తులను కోల్పోయిన వారికి తల్బీనా వండి పెట్టమనేవారు. యవల పిండితో చేసే ఆ జావ హృదయానికి ఊరటనిచ్చి, దుఃఖాన్ని కొంత తొలగిస్తుందని ప్రవక్త (స) చెప్పగా విన్నానని ఆమె తెలిపారు. దుఃఖంలో ఉన్న మనిషికి ఉపన్యాసం కన్నా ముందు వేడివేడి ఆహారం అందాలన్న సంస్కారం ఇందులో ఉంది. అయితే కుంగుబాటు వ్యాధిగా మారినప్పుడు జావ మందుకు బదులు కాదు.

వైద్యులు ముందుగా రక్తహీనతకు, థైరాయిడ్‌కు పరీక్షలు చేయిస్తారు. 1987లో ఎడిన్‌బరోలో రూపొందించిన 10 ప్రశ్నల పద్ధతితో గత 7 రోజుల మనఃస్థితిని అడిగి తెలుసుకుంటారు. వ్యాధి స్వల్పంగా ఉంటే కౌన్సెలింగ్‌తోనే నయం కావచ్చు. అవసరమైతే మందులు రాస్తారు. బిడ్డకు పాలిస్తూనే వాడదగిన మందులున్నాయి. పాలిస్తున్న విషయం వైద్యునికి తప్పక చెప్పాలి. నాలుగు రోజులు బాగుందని మందు మధ్యలో ఆపరాదు.

ఆదరణ కూడా చికిత్సే అని చూపిన ఒక ప్రయోగం ముస్లిం సమాజంలోనే జరిగింది. పాకిస్తాన్‌లోని రావల్పిండి గ్రామాలలో కుంగుబాటుతో ఉన్న 903 మంది గర్భిణులను ఆతిఫ్ రహ్మాన్ అనే వైద్యుని బృందం ఎంచుకుంది. సగం గ్రామాలలో ఆరోగ్య కార్యకర్తలకు మాట్లాడే తీరు, వినే తీరు నేర్పి, ఇంటివారిని కూడా కలుపుకొని తల్లులతో మాట్లాడించింది. మిగిలిన గ్రామాలలో శిక్షణ లేని కార్యకర్తలు అన్నిసార్లే ఇళ్లకు వెళ్లి వచ్చారు. కాన్పయిన ఆరు నెలలకు చూస్తే శిక్షణ పొందినవారు వెళ్లిన చోట 23 శాతం మంది, లేనివారు వెళ్లిన చోట 53 శాతం మంది కుంగుబాటులోనే ఉన్నారు. 2008లో ఈ ఫలితాలు లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చాయి. శిక్షణ పొందిన ఆ కార్యకర్తలు పెద్ద చదువుల డాక్టర్లు కారు, ఊళ్లోని సాధారణ స్త్రీలే.

ఇంటివారి కర్తవ్యం

భర్తతో మొదలుపెడదాం. దైవప్రవక్త (స) ఇంట్లో ఉన్నప్పుడు ఇంటి పనులలో తోడ్పడేవారని, నమాజు వేళకు లేచి వెళ్లేవారని హజ్రత్ ఆయిషా (రజి) చెప్పారు. రాత్రి బిడ్డను కాసేపు ఎత్తుకొని భార్యను నాలుగైదు గంటలు ఏకధాటిగా నిద్రపోనివ్వడం గొప్ప ఉపకారం. దూర ప్రాంతంలో పనిచేసేవారు ప్రతిరోజూ ఫోనులో బిడ్డ కన్నా ముందు తల్లి క్షేమం అడగాలి. జబ్బులో ఆమె అన్న మాటలను మనసులో పెట్టుకొని "పిచ్చిది" అని పుట్టింట వదిలేయడం, తలాఖ్ మాట ఎత్తడం ఘోరమైన అన్యాయం.

అత్తలు, తల్లులు మరొక విషయం గమనించాలి. నమాజు చేయిస్తున్నప్పుడు పసిబిడ్డ ఏడుపు వినిపిస్తే, ఆ తల్లి మనసు కష్టపడుతుందని దైవప్రవక్త (స) జమాఅత్ నమాజునే కుదించేవారు. తల్లి మనసు కోసం సామూహిక ఆరాధనే కుదించబడినప్పుడు, చూడవచ్చేవారి తాకిడిని, చాయ్ మర్యాదలను మనం కుదించలేమా? పథ్యం పేరిట బాలింతకు మంచినీళ్లు, కూరగాయలు, పప్పు తగ్గించడం మానాలి. ఆమె ఏడిస్తే "ఏడవకు" అనేకంటే పక్కన కూర్చొని వినడం మేలు.

మస్జిద్ ఇమాములు, ఆలిములు రుఖ్యా చేసినా, దుఆ చేసినా, ఆ కుటుంబాన్ని ఆసుపత్రికి వెళ్లమని చెప్పి పంపాలి. మా మాటను వారు వింటారు కాబట్టే మా బాధ్యత పెద్దది. గొలుసులతో కట్టడం, పొగ వేయడం, కొట్టడం వంటివి ఎక్కడ జరిగినా అది జుల్మ్ అని నిర్భయంగా చెప్పాలి. మతి చలించిన వ్యక్తి స్వస్థత పొందే వరకు కర్మల లేఖిని ఎత్తివేయబడి ఉంటుందని హదీసు చెబుతుంది. అల్లాహ్ లెక్క రాయని స్థితికి మనం శిక్ష విధించరాదు.

సహాయం దొరికే చోట్లు

ఆశా కార్యకర్త కాన్పు తరువాత 3, 7, 14, 21, 28, 42వ రోజులలో ఇంటికి వచ్చి తల్లీబిడ్డలను చూడాలన్నది ప్రభుత్వ నియమం. మన చిల్లా దాదాపు ఆ రోజులలోనే గడుస్తుంది. ఆమె వచ్చినప్పుడు బిడ్డ బరువుతో పాటు బాలింత నిద్ర, ఆకలి, కన్నీరు గురించి కూడా చెప్పండి. 14416 నంబరుకు ఫోన్ చేస్తే కేంద్ర ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలీ మానస్ సేవ ద్వారా పగలైనా రాత్రైనా ఉచితంగా తెలుగులో మాట్లాడవచ్చు. మహబూబ్‌నగర్‌లో 2016 నుండి, నల్లగొండ, సూర్యాపేటలలో 2019 నుండి ప్రభుత్వ వైద్య కళాశాలలు నడుస్తున్నాయి. వాటి ఆసుపత్రులలో మానసిక వైద్యులను సంప్రదించండి. తీవ్రమైన స్థితిలో హైదరాబాద్ ఎర్రగడ్డలోని ప్రభుత్వ మానసిక చికిత్సాలయం ఉంది. బెంగళూరు నిమ్హాన్స్‌లో 2009 నుండి తల్లీబిడ్డలను కలిపి ఉంచి చికిత్స చేసే ప్రత్యేక విభాగం నడుస్తోంది.

"ఆసుపత్రిలో చేరిస్తే బిడ్డను వేరు చేస్తారేమో" అన్న భయం చాలామందికి ఉంటుంది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం చికిత్స పొందుతున్న తల్లి నుండి మూడేళ్లలోపు బిడ్డను సాధారణంగా వేరు చేయరాదు. తల్లి వల్ల బిడ్డకు హాని కలిగే ప్రమాదం ఉన్నప్పుడు మాత్రమే కొంతకాలం వేరుగా ఉంచుతారు.

బాలింత నోట చావు మాట వచ్చినా, బిడ్డకు హాని చేస్తానన్న భయం వెలిబుచ్చినా దానిని బెదిరింపు అనుకోవద్దు. ఆమెను ఒంటరిగా వదలకండి, 108కి ఫోన్ చేయండి, ఆ రోజే వైద్యుని వద్దకు తీసుకువెళ్లండి. పరువు పోతుందని దాచిపెడితే పోయేది ప్రాణం. వేళకు చికిత్స అందితే ఈ వ్యాధి నుండి తల్లులు కోలుకుంటారు, బిడ్డను గుండెకు హత్తుకుంటారు, మళ్లీ నవ్వుతారు.

కాన్పు మంచంపై మౌనంగా కన్నీరు కారుస్తున్న ప్రతి సోదరికీ అల్లాహ్ స్వస్థతను, మనశ్శాంతిని ప్రసాదించుగాక. ఆమె చెంత నీటి ఊటగా, నీడనిచ్చే చెట్టుగా నిలబడే భాగ్యాన్ని మన కుటుంబాలకు అనుగ్రహించుగాక. ఆమీన్.